ఎడంచెయ్యిగారి గుట్టు

ఫోను తీగలోంచి ఇంటర్నెట్టు వచ్చే రోజులవి. మీట నొక్కితే ముందు డయల్ టోను, తరవాత తోక తొక్కిన పిల్లిలా ఓ కేక, ఆపైన చాలాసేపు గరగర. అదంతా అయి తెరమీద పేజీ పైనుంచి కిందికి దిగేసరికి ఆర్వో కెటోలా రెండో కప్పు కాఫీ కూడా అయిపోయేది. ఇప్పుడు ఎక్కడా వినపడని ఆ గరగర తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది గాని, అప్పట్లో దానివల్ల ఆ ఇంట్లో రోజుకో యుద్ధం.

"ఆర్వో! ఫోను వదుల్తావా లేదా? మా అక్క గంటనుంచీ చేస్తోందిట!"

"ఫోను పనిచెయ్యకపోతే మీ అక్క చేస్తోందని నీకెలా తెలిసింది?"

"ఇందాక కారేసుకుని వచ్చి చెప్పి వెళ్ళింది!" అంది ఆయన భార్య ఐలి.

ఆర్వో కాల్యుమెట్ అనే పాత గనుల ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు కౌంటీవాళ్ళ మంచు తోసే బండి నడిపాడు. చలికాలంలో కిటికీల దాకా మంచు పేరుకునే ఊరది. ఆ బండిమీద ఉన్నన్నాళ్ళూ ఎదురైనవాళ్ళంతా ఆయనకి చెయ్యి ఊపేవాళ్ళు. ఊపింది తనకి కాదు బండికని రిటైరయ్యాక తెలిసింది. ఇక ఇంట్లో ఆయన్ని ఎవరైనా ఏమైనా అడిగారంటే, "చెత్త బయట పెట్టావా?" అని మాత్రమే.

అంతకన్నా మంచి ప్రశ్నలు అడిగేవాళ్ళు ఆయనకి పాస్టీ చావడిలో దొరికారు.

పాస్టీ అంటే మన కజ్జికాయకి పెదనాన్న వరస. లోపల మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, రుటబేగా దుంప ముక్కలు పెట్టి, పిండిని సగానికి మడిచి, అంచుని వేళ్ళతో జడలా అల్లి పొయ్యిలో కాలుస్తారు. ఒకప్పుడు గనిలో దిగేవాళ్ళు మధ్యాహ్నానికి జేబులో పెట్టుకు వెళ్ళేవారు. గనులు మూతపడ్డాయి గాని, పాస్టీ మూతపడలేదు.

చావడి అన్నది ఓ ఇంటర్నెట్ ఫోరం. ఆ గనుల ఊళ్ళనుంచి దేశమంతా చెదిరిపోయిన వందమంది అక్కడ చేరి పాస్టీ గురించి పోట్లాడుకునేవారు. క్యారెట్ వెయ్యొచ్చా కూడదా? పైన కెచప్పా గ్రేవీయా? గని పనికి వలసొచ్చిన ఫిన్లాండ్ తాతల మనవలంతా క్యారెట్ పక్షం, కార్న్‌వాల్ తాతల మనవలంతా దానికి ఆగర్భ శత్రువులు. ఆ శత్రువుల్లో "మూడో నంబరు గని" అనే పేరుతో రాసే పెద్దమనిషి మరీ ముదురు. ఆర్వో క్యారెట్ మాటెత్తడం ఆలస్యం, కింద జవాబు పడేది: "క్యారెట్ గుర్రాలకి. కుందేళ్ళకి. నీకు."

పొద్దున్నే ఆ తిట్టు చదువుకుంటే గాని ఆర్వోకి కాఫీ రుచించేది కాదు.

చావడిలో ఆర్వో పేరు "ఎడంచెయ్యి". అదెలా వచ్చిందంటే, రెండువేల సంవత్సరం చలికాలంలో, కూతురు కొనిచ్చిన కొత్త కెమెరాతో ఐలి చేసిన పాస్టీని ఫోటో తీసి, "ఈరోజు మా వంట" అని చావడిలో పెట్టాడు. 'మా' అనే అన్నాడు, పాపం. అప్పటికింకా నిజాయితీపరుడే. చావడి నడిపే వెర్నా అనే రిటైరైన లైబ్రేరియన్ వెంటనే, "ఆహా, ఏం అల్లిక! మడతలు ఎదురుగా తిరిగాయే, మీది ఎడమచేతి వాటమా?" అని అడిగింది.

ఎడమచేతి వాటం ఐలిది. ఆర్వో కుడిచెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఉన్నట్టు కూడా గుర్తుంచుకునే మనిషి కాదు. కానీ ఆ 'ఆహా' లాంటిది ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కరూ అనలేదు. "అవునండీ, పుట్టుకతోనే," అని రాసేశాడు.

ఇంకేముంది! అబద్ధానికి ఆరేళ్ళు నిండాయి, పోస్టులు నాలుగువేలు దాటాయి. ప్రతి గురువారం ఐలి పాస్టీలు చేసేది, ఈయన ఫోటో తీసేవాడు. "ఎడంచెయ్యిగారూ, పిండి విరిగిపోతోంది, ఏం చెయ్యమంటారు?" అని మోంటానానుంచి ఒకరు, "అంచు విచ్చుకుంటోంది" అని అరిజోనానుంచి ఒకరు. గుడ్డు ఉడకబెట్టడం రాని మనిషి అందరికీ గంభీరంగా సలహాలిచ్చేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

"ఏం చూస్తున్నావు దాంట్లో?" అని ఐలి అడిగితే, "వాతావరణం" అనేవాడు.

"ఆరేళ్ళనుంచి చూస్తున్నావుగా, ఏమైనా మారిందా?"

అలా సాఫీగా నడుస్తున్న కాపురంలో, రెండువేల ఆరు ఏప్రిల్‌లో వెర్నా ఓ ప్రకటన పెట్టింది. "జులై రెండో శనివారం సరస్సు ఒడ్డున పార్కులో అందరం కలుద్దాం. ఎవరి పాస్టీ వాళ్ళు అందరిముందూ అల్లాలి. మొదట మన ఎడంచెయ్యిగారు!"

ఆర్వో ఆ ప్రకటన మూడుసార్లు చదివాడు. వెళ్ళకపోతే అనుమానం, వెళ్తే బండారం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గుట్టు బయటపడితే ఆ వందమంది ముందు ఇంక తలెత్తలేడు. చావడి పోతే జీవితంలో మిగిలేది చెత్తబుట్ట ప్రశ్న ఒక్కటే. అది తలుచుకుంటే నిజంగానే భయం వేసింది.

సరే, మూడు నెలలుంది, ఎడంచేత్తో అల్లడం నేర్చుకుంటే పోలా అనుకున్నాడు. ఆ రోజు సూపు ఎడంచేత్తో తాగాడు. సగం ఆయన తాగాడు, సగం చొక్కా తాగింది.

"ఏమిటా వేషం?" అంది ఐలి.

"కుడి భుజం నొప్పి."

"పొద్దున్న లేదే?"

"నొప్పి ఉత్తరం రాసి వస్తుందా?"

ఐలి పాత దుప్పటి చింపి, కుడిచేతిని మెడకి వేళ్ళాడదీసి కట్టు కట్టింది. మర్నాడు ఎడంచేతికి కుంచె ఇచ్చి, ఆవిరిస్నానం చేసే సౌనా గదికి రంగు వెయ్యమంది. సౌనా అయ్యాక కంచె. కంచె అయ్యాక వరండా.

"నొప్పి మనిషితో ఇంత చాకిరీయా?" అన్నాడు ఆర్వో.

"నొప్పి కుడిచేతికి కదా. ఎడంచెయ్యి ఊరికే కూచుంటే దానికీ వస్తుంది," అంది ఐలి ఎంతో దయగా.

రంగుకీ రంగుకీ మధ్య ఆయన షెడ్డులో దూరి, కిటికీ అద్దాలకి పెట్టే లప్పంతో పాస్టీలు చేసి అల్లడం సాధన చేశాడు. నెల తిరిగేసరికి ఇల్లు కొత్తపెళ్ళికూతురిలా తయారైంది. పాస్టీలు మాత్రం ఎవరో తొక్కిన బూట్లలాగే ఉండిపోయాయి.

చెయ్యి మొండికేసింది గనక బుర్రకి పని పెట్టాడు. పక్క ఊరి పేరు తగిలించుకుని చావడిలో ఇంకో పేరుతో చేరాడు. "హ్యాంకాక్ బామ్మ. వయసు ఎనభై ఒకటి. వితంతువు." బామ్మ చేత మొదటి పోస్టు రాయించాడు: "నాయనలారా, మావంటి పెద్దవాళ్ళకి చేతులు వణుకుతాయి. అందరిముందూ ఈ పరీక్షలెందుకు? కూచుని కబుర్లు చెప్పుకుందాం."

సాయంత్రానికి బామ్మకి నలభై జవాబులు! ఆరేళ్ళలో ఎవరికీ మంచిమాట రాయని మూడో నంబరు గని సైతం, "బామ్మగారూ, మీ కాలంలో క్యారెట్ వేసేవారా?" అని వినయంగా అడిగాడు. ఆర్వోకి తన బామ్మ మీద తనకే ఒళ్ళు మండింది. నాలుగువేల పోస్టులు రాసిన తనకి కుందేలు పదవి, నిన్న పుట్టిన ముసలిదానికి గారా?

అనుమానం రాకుండా ఉండాలంటే ఇద్దరూ వేరని చూపించాలి గనక, ఎడంచెయ్యి పేరుతో బామ్మతో చిన్న తగువు పెట్టుకున్నాడు. "పెద్దరికం వేరు, పాస్టీ వేరు బామ్మగారూ," అని రాశాడు. అంతే, చావడంతా మీద పడింది. "పెద్దావిడతో మాట్లాడే పద్ధతేనా ఇది?" అన్నాడు మూడో నంబరు. వెర్నా ఎడంచెయ్యిని మూడు రోజులు వెలివేసింది. తనతో తను మర్యాదగా మాట్లాడనందుకు శిక్షపడ్డ మనిషి ఆ చావడి చరిత్రలో ఆర్వో ఒక్కడే.

ఆ మూడు రోజులూ బామ్మ పేరుతోనే కూచుని, "కుర్రాడు మంచివాడు, క్షమించండి" అని తన తరఫున తనే బతిమాలుకున్నాడు.

వెలి తీసేసిన పొద్దున మూడో నంబరు బామ్మని పలకరించాడు: "మీ ఆయన కూడా గనిలో చేశారా బామ్మగారూ?" ఆర్వో ఆనందంగా, కట్టు లేని ఎడంచేతి ఒక్క వేలితో టకటకా కొట్టి పంపాడు: "మావారు పోయి ఇరవయ్యేళ్ళయింది నాయనా. ఇప్పటికీ కలలోకొస్తారు."

పంపాక చూస్తే పైన పేరు 'ఎడంచెయ్యి' అని ఉంది.

చెరిపేద్దామని మీట నొక్కితే పేజీ కదలదు. సరిగ్గా అప్పుడే ఐలి వంటింట్లో ఫోను ఎత్తింది, లైను తెగింది. మళ్ళీ డయల్ టోను, పిల్లి కేక, గరగర. నాలుగు నిమిషాలు ఆర్వో మొగుడు పోయిన ఆడదానిగా చావడిలో వేళ్ళాడాడు. ఎలాగో చెరిపేసి, తేలు కుట్టిన దొంగలా ఊపిరి బిగబట్టి చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. చూడలేదు కాబోలు, బతికిపోయాననుకున్నాడు.

మర్నాడు వెర్నా రాసింది: "బామ్మగారే మన ముఖ్య అతిథి. ఆవిడ ఒక్కటి అల్లాక ఎడంచెయ్యిగారు అల్లుతారు." కింద మూడో నంబరు: "బామ్మగారికి మెత్తని దిండు కుట్టిస్తున్నాను."

బామ్మని చంపేద్దామా అని కూడా ఆలోచించాడు ఆర్వో. కానీ దిండు కుట్టిస్తున్నవాడితో చావు కబురు ఎలా చెప్పడం? చివరికి కుడితిలో పడ్డ ఎలుకలా ఐలి దగ్గరికి చేరాడు.

"చిన్న సాయం కావాలి. నా స్నేహితుడి బామ్మ ఉంది, పార్కులో ఓ పాస్టీ అల్లాలి. మోకాళ్ళు పట్టేశాయిట. నువ్వు ఆవిడ పేరుతో వచ్చి ఒక్కటి అల్లేస్తే చాలు."

"ఆవిడకెన్నేళ్ళు?"

"ఎనభై ఒకటి."

"నాకు అరవై."

"కొంచెం దూరంనుంచి చూస్తే..."

"ఎంత దూరం? విస్కాన్సిన్‌నుంచా?"

"ఐలీ, నా పరువు నీ చేతిలో ఉంది."

"ఏ చేతిలో?" అని అడిగి, ఆయన మొహం కేసి చూసి, "సరే పద," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని ఆర్వోకి అనుమానం రావలసింది. రాలేదు.

జులై రెండో శనివారం కారు పార్కు దగ్గర ఆగింది. చావడి లెక్కలో ఆయన వాటం ఎడమ గనక, నొప్పి ఎడంచేతికే ఉంటే అల్లే బాధ తప్పుతుంది. దిగేముందు ఆర్వో గబగబా కట్టు విప్పి ఎడంచేతికి మార్చుకున్నాడు.

"నొప్పి ఇల్లు మారిందా?" అంది ఐలి.

"పాకింది."

"రంగు వేసీ వేసీ అలిసిపోయి ఉంటుంది. పాపం, చెప్పాగా, రెండో దానికీ వస్తుందని."

పందిరి కింద ఇరవైమంది దాకా ఉన్నారు, చొక్కాల మీద చావడి పేర్లు అంటించుకుని. ఆరేళ్ళుగా నిప్పులు చెరిగిన మూడో నంబరు గనిని చూసి ఆర్వో తెల్లబోయాడు. భుజం దాకా రాని బక్కమనిషి, చెవిలో మిషను, ప్యాంటుకి పట్టీలు, చంకలో పూలగుడ్డ దిండు. అసలు పేరు క్లెమ్ పెన్‌హేల్‌ట. "నువ్వేనా కుందేలువి?" అని ఆర్వో కుడిచెయ్యి పట్టుకుని ఊపుతూ వదలలేదు.

వెర్నా ఐలికి 'హ్యాంకాక్ బామ్మ' అని చీటీ అంటించింది. ఐలి దిండుమీద కూచుని, నడుముకి నీలం ఏప్రన్ కట్టుకుంది. ముద్ద పరిచింది, కూర పెట్టింది, మడిచింది. ఎడంచేతి వేళ్ళు అంచుమీద నడిచాయి. చూస్తుండగానే జడ పడింది, మడత మడతా ఒక్క కొలత. పందిరి కింద ఇరవైమందీ బల్ల చుట్టూ మూగారు.

ఆర్వో మాత్రం, "బామ్మగారు నా దగ్గరే నేర్చుకున్నారు," అన్నాడు నీరసంగా.

వెర్నా సంచీలోంచి ఓ కాగితం తీసి బల్లమీద పెట్టింది. రెండువేల సంవత్సరంలో ఆయన పెట్టిన మొదటి ఫోటో, పెద్దది చేసి అచ్చు వేయించింది. పాస్టీ వెనక స్టీలు కాఫీ కూజా ఉంది. ఆ కూజా మెరుపులో, వంకరగానైనా స్పష్టంగా, నీలం ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ ఎడంచేత్తో ఇంకో పాస్టీ అల్లుతోంది. పక్కన ఒకాయన కుడిచేత్తో కెమెరా పట్టుకుని నాలిక బయటపెట్టి నిలబడ్డాడు.

"మొదటి వారమే చూశాం," అంది వెర్నా.

ఆర్వో కాగితం మీదికి వంగి కూజా కేసి చూశాడు. "అందరూనా?"

"అందరమూను. మీవారు పోయి ఇరవయ్యేళ్ళయిందన్నది కూడా అందరం చదివాం. నాలుగు నిమిషాలంటే తక్కువా?"

"మరి... ఆరేళ్ళూ ఒక్కరూ అనలేదేం?"

జవాబు క్లెమ్ చెప్పాడు, దిండు అంచు సర్దుతూ. "అంటే నువ్వు సిగ్గుపడి వెళ్ళిపోతావు. మా ఆవిడ పోయాక నాకు పొద్దున్నే లేవడానికి మిగిలింది నీతో పోట్లాటే. నువ్వు పోతే నేనెవర్ని తిట్టను?"

ఆర్వో సరస్సు కేసి తిరిగి, గాలికి కళ్ళు మండుతున్నట్టు తుడుచుకున్నాడు, అదీ కట్టులో ఉండవలసిన ఎడంచేత్తో.

"ఆ అల్లిక ఎవరిదో చూడాలని మాకు కోరిక," అంది వెర్నా. "మీతో చెబితే తీసుకురారు. అందుకే ఏప్రిల్‌లో చావడిలో చేరినప్పుడు మీరిచ్చిన నంబరుకి చేసి ఐలితో మాట్లాడాను. మీ లైను దొరికేసరికి పదకొండు రోజులు పట్టింది."

ఆర్వో మెల్లిగా ఐలి కేసి తిరిగాడు. "ఏప్రిల్‌లోనా? అంటే నేను కట్టు కట్టించుకునేటప్పటికే..."

"సౌనాకి రంగు వెయ్యమని నాలుగేళ్ళనుంచి అడుగుతున్నా," అంది ఐలి చేతులకి పిండి దులుపుకుంటూ. "మళ్ళీ అలాంటి అవకాశం వస్తుందా?"

అందరూ విరగబడి నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వు ఆపి, మొగుడొక్కడికీ వినపడేలా అంది: "అబద్ధానికి కాదు ఆర్వో నాకు కోపం. ఆరేళ్ళు ఇంతమంది నా చేతిని మెచ్చుకుంటుంటే, ఒక్కటంటే ఒక్కటి చదివి వినిపించాలని తోచలేదా నీకు?"

ఆయన దగ్గర అన్ని ప్రశ్నలకీ నాలుగువేల జవాబులున్నాయి. దీనికి దొరికింది ఒక్కటే. "తప్పయింది," అన్నాడు. అది ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

అప్పుడు క్లెమ్ గొంతు సవరించుకున్నాడు. "చావడికి ఓ న్యాయం ఉంది. ఆ పేరు ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యాలి. పోస్టులతో సహా." ఇరవై చేతులు లేచాయి. ఇరవై ఒకటోది ఐలి ఎడంచెయ్యి.

"మరి నా సంగతి?" అన్నాడు ఆర్వో.

"మీకు ఇంకో పేరుందిగా, బామ్మగారూ," అని వెర్నా ఐలి ఏప్రన్ మీది చీటీ ఊడదీసి ఆయన చొక్కాకి అంటించింది.

తిరిగొచ్చేటప్పుడు కారు ఆర్వో నడిపాడు, కట్టు వెనకసీట్లో పడేసి. వెర్నా ఆరేళ్ళ మెచ్చుకోళ్ళన్నీ అచ్చుతీసి కట్టగా ఇచ్చింది. ఇల్లు చేరేదాకా ఐలి ఒక్కొక్కటీ పైకి చదివింది. మధ్యమధ్య ఆగి కిటికీలోంచి బయటికి చూసేది. ఆయన కారు ఎంత నెమ్మదిగా నడిపాడంటే, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు.

మర్నాడు పొద్దున్న ఎడంచెయ్యి పేరుతో కొత్త యజమానురాలు మొదటి పోస్టు రాసింది: "ఇంతకాలం ఈ పేరుతో వచ్చిన సలహాలన్నీ మర్చిపోండి. క్యారెట్ నేనెప్పుడూ ఇష్టపడి వెయ్యలేదు. మా ఇంటాయన గోల పడలేక వేశాను." మూడో నంబరు గని ఆ రోజు తొమ్మిది సార్లు జవాబు రాశాడు. వారం తిరక్కుండా ఆర్వోకి కంప్యూటర్ దొరకడమే గగనమైపోయింది. కాఫీ కప్పుతో ఆయన వెనక నిలబడి, "అయిందా? ఇంకా ఎంతసేపు?" అంటుంటే, ఐలి తల తిప్పకుండా, "వాతావరణం చూస్తున్నా," అనేది.

ఇంకో ఆరేళ్ళు నడిచింది చావడి. జనం వేరే చోట్లకి, ఎవరి పేరుతో వాళ్ళు, ఎవరి మొహంతో వాళ్ళు రాసుకునే చోట్లకి తరలిపోయారు. చివరికి మిగిలింది పదిమంది. క్లెమ్ చనిపోయిన ఏడాదే వెర్నా, ఇక చావడి మూసేస్తున్నానని రాసింది. ఆఖరి రోజున అందరూ తలో మాటా రాశారు. అప్పటికి ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి, గరగర లేదు, ఫోనుతో పేచీ లేదు. ఆర్వో ముందు గదిలో కూచుని, తన బామ్మ పేరుతో ఆఖరి పోస్టు కొట్టాడు.

"నాయనలారా, మావారు పోయి ఇరవయ్యారేళ్ళయింది. ఆయన లేని లోటు ఈ చావడే తీర్చింది. అందులో మూడో నంబరు మరీను. క్యారెట్ గురించి అతను చెప్పిందే నిజమేమో. ఈ బామ్మని మర్చిపోకండి."

క్షణంలో దానికింద జవాబు పడింది. అది వంటింట్లోంచి వచ్చిందని ఆ పదిమందికీ తెలుసు.

ఎడంచెయ్యి: "ఎవరూ మర్చిపోరు గాని, బామ్మగారూ, కళ్ళు తుడుచుకుని లేవండి. చెత్త బయట పెట్టారా?"